మినిట్స్‌లో రాయనివి

ప్యూర్తో అమార్గోలో వాన పడదు.
నాకు తెలిసి రెండుసార్లు పడింది,
రెండోసారి బడికి సెలవిచ్చారు.
వెనక అటకామా ఎడారి, ముందు సముద్రం,
నడుమ మేం, మా బొగ్గు పొగగొట్టం.

మునిసిపల్ సభలో నా పని చేతిరాత.
ఎవరేమన్నా రాసుకోవడం, చివర సంతకాలు పెట్టించడం.
ఆ మంగళవారం ఇలా రాశాను:
"వీధి దీపాలు, రెండు బడులు, ఆసుపత్రి, నీటి పంపులు
ఇకమీదట ఎండతోనూ గాలితోనూ నడుచును.
అనుకూలం ఐదు. వ్యతిరేకం రెండు."

ఆ ఇద్దరిలో ఒకడు మా అన్న ఆబ్దోన్,
ఇరవై ఆరేళ్లు బాయిలర్ ముందు నిలబడ్డవాడు.
చెయ్యెత్తినప్పుడు చొక్కా జారి
మోచేతి మీది కాలిన మచ్చ కనిపించింది.
దాన్ని ఏ గడిలో రాయను?

"ఎండ ఊరికే వస్తుంది, నిజమే," అన్నాడు.
"ఊరికే వచ్చేదానికి కూలెవడిస్తాడు?"
ఎవరూ నవ్వలేదు.
మేయరమ్మ గ్లాసెత్తి నీళ్లు తాగింది.

గుమ్మం దగ్గర ఎర్మిందా లేచింది.
ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతుందావిడ.
నలభై ఏళ్లుగా గాలి ఎటు తిరిగేదీ
వాళ్ల వీధిలో మొదట ఆవిడకే తెలుస్తుంది.
దక్షిణపు గాలైతే ఆరెయ్యొచ్చు,
ఉత్తరపు గాలైతే తడివి తడిగానే లోపలికి.
ఆరేసే ముందు తీగ తుడుస్తుంది,
గుడ్డ నల్లబడితే ఇంకోసారి తుడుస్తుంది.
"నాకు ఎండ సంగతి తెలీదు నాయనా,
తీగ సంగతి తెలుసు," అని కూచుంది.
అదీ రాయలేదు. ఆవిడ సభ్యురాలు కాదు.

అసలు గొడవ జాలర్లతో వచ్చింది.
పొగగొట్టం కొసన ఒక ఎర్రదీపం.
కమంచాకా, అంటే సముద్రం మీంచి పాకే మంచు,
అది కమ్మినప్పుడు
ముక్కు దానివైపు పెట్టుకునే పడవలు ఇల్లు చేరతాయి.
"పొగ మానెయ్యండి, మంచిదే.
దీపం ఆర్పితే మాత్రం
మమ్మల్ని లెక్కపెట్టే పని కూడా మీరే పెట్టుకోండి,"
అన్నాడు ముసలి ఫాబ్రిసియానో,
బూటు విప్పి ఉప్పునీళ్లు వంపుతూ, సభ నట్టనడుమ.

మూడు గంటల వాదన.
కూల్చాలన్నవాళ్లు, ఉంచాలన్నవాళ్లు,
కునుకు తీసినవాళ్లు.
చివరికి తేలింది: మంట ఆరాలి, గొట్టం నిలవాలి,
కొసన దీపానికి తలుపంత సోలార్ పలక బిగించాలి.
ఎక్కేదెవరు? నూట పది మీటర్లు.
ఆబ్దోన్ చెయ్యెత్తాడు.
ఈసారి ఓటుకు కాదు.

ఆఖరి బొగ్గు ఓడ వెళ్లిపోయి ఎనిమిది నెలలు.
అన్నకు సరైన పని ఇంకా దొరకలేదు.
నాలుగింటికే లేస్తాడు, లేని షిఫ్టుకి.
వదిన లేచి టీ పెడుతుంది, ఏమీ అనదు.
వారానికి రెండు రోజులు మాత్రం
బడి కప్పు మీది పలకలు తుడవడానికి పిలుస్తారు.
వాన రాని ఊరు, ఎడారి దుమ్ము,
ఎవరో ఒకరు కడగాలి కదా.
గుడ్డ ఎంత పిండాలో, గీత పడకుండా ఎలా లాగాలో
అన్నకు నేర్పింది ఎర్మిందాయే.
"అటూ ఇటూ రుద్దకురా మొద్దూ, ఒకేవైపు లాగు!"
కిందనుంచి అరుస్తుంది,
మేడ మీద యాభై రెండేళ్ల బాయిలర్ మనిషి
సరేనని తలూపుతాడు.

ఆవిడ ఇప్పటికీ ఆరేసే ముందు తీగ తుడుస్తుంది.
గుడ్డ తిప్పి చూస్తుంది. తెల్లగానే ఉంటుంది.
నమ్మకం కుదరక
మళ్లీ తుడుస్తుంది.

నిన్న రాత్రి మంచు కమ్మింది.
ఫైళ్లు సర్దుతూ ఆఫీసు కిటికీలోంచి చూశాను:
పగలు మేసిన ఎండని
కొద్దికొద్దిగా నెమరేస్తూ పైన ఎర్రచుక్క.
సాయంత్రం ఏడు పడవలు వెళ్లాయి.
ఆరు వచ్చాయి.
కాఫీ చల్లారింది, ఇంకో కప్పు పెట్టుకున్నాను, అదీ చల్లారింది.
ఏడోది వచ్చింది.

మినిట్స్ పుస్తకం మార్జిన్‌లో
పెన్సిల్‌తో ఏడు గీతలు గీశాను.
మేయరమ్మ అడిగితే చెరిపేస్తాను.